పాత బ్రేకు సామాను కొనునప్పుడు సరిచూడవలసిన సంగతులు

మన గ్రామములలో నేడు కారు అపురూపమైన వస్తువు కాదు. పది సంవత్సరములు పట్టణములో తిరిగిన బండి తక్కువ వెలకు గ్రామమునకు వచ్చి, మరి పది సంవత్సరములు మన రోడ్లపై తిరుగుచున్నది. పిల్లలను బడికి చేర్చునదియు, రోగిని రాత్రివేళ ఆసుపత్రికి తీసికొనిపోవునదియు, పెండ్లివారిని మోయునదియు పెక్కు తావుల ఈ పాత బండియే. కొన్ని పంచాయతీలకు దాతలిచ్చిన జీపో, వ్యానో కలదు. ఈ బండ్లు ముసలివైన కొలది వాటికి సామాను కావలసివచ్చును. క్రొత్త సామాను వెల ఎక్కువ. కొన్ని పాత రకముల బండ్లకు క్రొత్తది దొరకనే దొరకదు. అప్పుడు మెకానిక్కు చెప్పు మాట ఒక్కటే: ‘ఆటోనగర్‌లో పాతది దొరుకును, సగము వెలకే తెచ్చెదను.’

తలుపు, అద్దము, సీటు, లైటు వంటివి పాతవి కొనుటలో పెద్ద ప్రమాదము లేదు. సరిపడకపోయినచో డబ్బు పోవును, అంతే. బ్రేకు సంగతి అట్టిది కాదు. సరిపడని బ్రేకు భాగము పెక్కు పర్యాయములు సరిపడినట్లే కనబడును. బోల్టు పట్టును, చక్రము తిరుగును, పెడలు గట్టిగా తగులును. లోపము బయటపడునది మాత్రము పశువు అడ్డు వచ్చిననాడో, ఘాట్ రోడ్డులో వంపు తిరుగునాడో. కావున ఈ నెల ఈ పాఠమును పంచాయతీ సభ్యుల కొరకు వ్రాయుచున్నాము.

పంచాయతీ సభ్యునకు ఈ సంగతి ఏల?

‘మేము మెకానిక్కులము కాము గదా’ అని సభ్యులు అనవచ్చును. నిజమే. కాని పంచాయతీ బండికి సామాను కొను తీర్మానము మీ ముందునకే వచ్చును. బిల్లుపై సంతకము మీరే చేయుదురు. గ్రామములో బడిపిల్లల వ్యాను యజమానిని పిలిచి ‘బ్రేకులు ఎట్లున్నవి?’ అని అడుగగల పెద్దలును మీరే. చట్టము కూడ ఈ బాధ్యతను గుర్తించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 190వ సెక్షను ప్రకారము, లోపము కలదని తెలిసియు, లేదా శ్రద్ధ వహించినచో తెలిసియుండెడిదైనను, అపాయకరమైన బండిని నడిపినవాడే గాక, నడిపించినవాడును, నడుపుటకు అనుమతించినవాడును శిక్షార్హుడు. ‘డ్రైవరు చూచుకొనవలెను’ అను మాట యజమానిని పూర్తిగా కాపాడదు.

మీరు బండి విప్పనక్కరలేదు. ఏ ప్రశ్నలు అడుగవలెనో, ఏ కొలతలు చూపుమనవలెనో తెలిసిన చాలును.

బ్రేకు పనిచేయు విధము

డ్రైవరు పెడలు త్రొక్కగా మాస్టరు సిలిండరులోని పిస్టను ముందునకు జరిగి బ్రేకు ఆయిలును నెట్టును. ఆ ఆయిలు సన్నని ఉక్కు గొట్టముల ద్వారా నాలుగు చక్రములకు ఒత్తిడిని చేర్చును. మూతవేసిన పాత్రలోని ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించునను సూత్రమును 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు బ్లెయిజ్ పాస్కల్ తెలియజెప్పెను. మన కారు బ్రేకు ఆ సూత్రముపైననే నడచుచున్నది.

చక్రము వద్ద రెండు ఏర్పాట్లు కలవు. ఒకటి డ్రమ్ము బ్రేకు: డ్రమ్ము లోపల రెండు షూలు ఉండును. వీలు సిలిండరు వాటిని వెలుపలికి నెట్టగా అవి డ్రమ్మును ఒరసికొని ఆపును. రెండవది డిస్కు బ్రేకు: చక్రముతో పాటు తిరుగు ఇనుప బిళ్లను కాలిపరు అను పట్టు రెండు పాడ్ల నడుమ బిగించి ఆపును. మన దేశములోని అనేక కార్లకు ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్నవి.

ఈ భాగములన్నియు ఒకదాని కొలతకు మరొకటి సరిపోవునట్లు తయారుచేసినవారు లెక్కకట్టి అమర్చినవి. ఒక్క భాగమును మార్చినచో లెక్క మొత్తము మారవచ్చును. సరిపడుట యనగా బోల్టు పట్టుట మాత్రమే కాదు, ఈ లెక్క చెడకుండుట.

మొదట బండిని గుర్తింపవలెను

‘మారుతీ కారుకు బ్రేకు సామాను’, ‘మహీంద్రా జీపుకు సామాను’ అని అడిగి కొనుట మొదటి పొరపాటు. ఒకే పేరుగల బండిలో పెట్రోలుకు ఒక విధము, డీజిలుకు ఒక విధము ఉండవచ్చును. ఒకే పేరుతో పదిహేను సంవత్సరములు అమ్ముడైన కారులో నడుమ రెండు మూడు పర్యాయములు బ్రేకులు మార్చియుందురు. కావున దుకాణమునకు వెళ్లుటకు ముందు ఒక కాగితముపై ఈ వివరములు వ్రాసికొనవలెను: బండి పేరు, రకము, ఇంధనము, తయారైన నెల, సంవత్సరము, 17 అక్షరములు, అంకెలు గల ఛాసిస్ సంఖ్య. ఇవన్నియు రిజిస్ట్రేషను పత్రములోనే దొరకును.

ఛాసిస్ సంఖ్యను కంపెనీ అధీకృత డీలరు వద్ద చెప్పినచో ఆ బండికి చెందిన భాగము సంఖ్యను చెప్పగలరు. క్రొత్తది వారివద్ద కొనకపోయినను ఆ సంఖ్య మనకు ఆధారము. పాత భాగముపై పోతలోనో, ముద్రగానో సంఖ్య ఉండును. గ్రీసు, తుప్పు తుడిపించి దానిని చదువవలెను. రెండు సంఖ్యలు ఒకటియైనచో సగము పని ముగిసినట్లే. సంఖ్య చెరిపివేయబడినచో ఆ భాగమును అచటనే వదలివేయుట మేలు.

రెండవ ఆధారము మన బండినుండి విప్పిన పాత భాగమే. దానిని తుక్కులో పారవేయక, సంచిలో వేసి దుకాణమునకు తీసికొనిపోవలెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి వెర్నియరు కొలబద్దతో కొలిపింపవలెను. కంటిచూపు చాలదు. అయితే ఇంతకు పూర్వమే ఎవరైన తప్పు భాగము వేసియుండిన, ఆ తప్పే మరల కొందుము. అందుచేత సంఖ్యను, కొలతను రెండింటిని చూడవలెను.

మాస్టరు సిలిండరు: గట్టి పెడలు చేయు మోసము

మాస్టరు సిలిండరులో ముఖ్యమైన కొలత దాని లోపలి వ్యాసము. దీనినే మెకానిక్కులు బోరు అందురు. ముప్పాతిక అంగుళము, అనగా 19.05 మిల్లీమీటర్ల బోరు గల సిలిండరు మన బండిలో ఉన్నదనుకొందము. దుకాణములో దొరకినది అంగుళములో 8కి 7 వంతులు, అనగా 22.2 మిల్లీమీటర్ల బోరుది. వెలుపలి ఆకారము ఒకటే, బోల్టు రంధ్రములు ఒకటే. తేడా మూడు మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ మాత్రమే. ‘కొంచెము పెద్దది, ఇంకను మంచిదే’ అని దుకాణదారు చెప్పవచ్చును.

ఇచట లెక్క చూడవలెను. పిస్టను వైశాల్యము బోరును బోరుతో హెచ్చించిన ప్రకారము పెరుగును. 19.05ను దానితోనే హెచ్చించిన 363; 22.2ను దానితోనే హెచ్చించిన 493. అదే కాలి బలము పెద్ద పిస్టనుపై పరచుకొనుటచే ఆయిలులోని ఒత్తిడి 493లో 363వ వంతునకు, అనగా నూటికి 74 వంతులకు దిగును. బ్రేకు బలము నాలుగవ వంతునకు పైగా పోయినది.

విచిత్రమేమనగా పెడలు మునుపటికంటె గట్టిగా, పైననే తగులును. పెద్ద పిస్టను కొద్ది కదలికతోనే ఎక్కువ ఆయిలును నెట్టుటయే దీనికి కారణము. డ్రైవరు త్రొక్కి చూచి ‘బ్రేకు భేషుగ్గా ఉన్నది’ అనును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు మంచి బ్రేకుతో, పొడి రోడ్డుపై సుమారు 20 మీటర్లలో ఆగునని లెక్క. అదే కాలి బలముతో ఈ బ్రేకుపై 27 మీటర్లు కావలయును. ఆ ఏడు మీటర్లలో బడి ముందు రోడ్డు దాటు పిల్లవాడు ఉండవచ్చును.

దీనికి మారుగా బోరు చిన్నదైనచో పెడలు మెత్తగా లోనికి దిగును. పాడ్లు అరిగిననాడు నేలకు తగులవచ్చును. రెండును తప్పే. బోరు సంఖ్య సాధారణముగా సిలిండరుపై పోతలో ఉండును. లేనిచో కొలువవలెను.

మాస్టరు సిలిండరు వద్ద మరి మూడు సంగతులు చూడవలెను. ఆయిలు బయటికి పోవు ద్వారములు ఎన్ని, ఏ వైపున ఉన్నవి అనునది మొదటిది. నేటి కార్లలో బ్రేకు రెండు భాగములుగా విభజింపబడియుండును; ఒకటి కారిపోయినను రెండవది కొంతవరకు ఆపును. కొన్ని బండ్లలో ముందు రెండు చక్రములు ఒక భాగము, వెనుక రెండు మరొక భాగము. మరికొన్నింటిలో కుడి ముందు చక్రమునకు ఎడమ వెనుక చక్రమును జతచేయుదురు. ఒక విధమైన సిలిండరు మరొక విధమైన బండికి తగదు. రెండవది బూస్టరు నుండి వచ్చు కడ్డీ పొడవు. అది అవసరముకంటె పొడవైన, పెడలు విడిచినను బ్రేకు పూర్తిగా విడువక చక్రములు కాగును. పొట్టిదైన, పెడలు కొంత ఊరకయే దిగును. మూడవది లోపలి గోడ. వ్రేలితో తాకిన గుంటలుగాని గీతలుగాని తగిలినచో ఆ సిలిండరు క్రొత్త కప్పులు వేసినను కారును.

వీలు సిలిండరు, డ్రమ్ము, షూలు

వీలు సిలిండరుకును బోరు లెక్కయే ప్రధానము. ఒక ప్రక్క చక్రమునకు 17.5, మరొక ప్రక్క చక్రమునకు 19 మిల్లీమీటర్ల సిలిండరు పడినచో ఆ రెండవ చక్రము మొదటిదానికంటె సుమారు ఐదవ వంతు అధికముగా పట్టును. బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగును. తడి రోడ్డుపై తిరుగబడవచ్చును. కావున ఒకే ఇరుసుపై రెండు ప్రక్కల ఒకే కొలత, ఒకే తయారీ భాగములు ఉండవలెను. ఒక ప్రక్కది మాత్రమే మార్చుట పొదుపు కాదు.

డ్రమ్ము లోపలి వ్యాసమును, వెడల్పును, బోల్టు రంధ్రముల సంఖ్యను, నడుమ రంధ్రమును కొలువవలెను. డ్రమ్ముపై ‘మాక్స్’ అను ఇంగ్లీషు అక్షరములతో ఒక సంఖ్య ముద్రింపబడియుండును. అరిగి ఆ కొలత దాటినచో డ్రమ్ము పనికిరాదు. కొత్తలో 200 మిల్లీమీటర్లు గల డ్రమ్ముపై 202 అని ఉన్నదనుకొందము. పాత డ్రమ్ము 201.8 కొలిచినచో అది సరిపడినను దానిలో మిగిలిన ఆయువు ఏమియు లేదు. లేతు పట్టించి నునుపు చేసిన డ్రమ్ములను మరింత జాగ్రత్తగా కొలువవలెను. మెరయుచున్నంత మాత్రమున మంచివి కావు. వ్రేలాడదీసి సుత్తితో మెల్లగా తట్టినప్పుడు గంటవలె మ్రోగక బొంగురుగా పలికిన, పగులు ఉన్నదని అనుమానింపవలెను.

షూల వెడల్పు, వంపు, స్ప్రింగు రంధ్రములు, హ్యాండు బ్రేకు మీట తగులు తావు సరిచూడవలెను. ముందు షూకు, వెనుక షూకు లైనింగు పొడవు వేరుగా ఉండు బండ్లు కలవు, తారుమారు చేయరాదు.

డిస్కు, కాలిపరు

డిస్కు విషయమున ఐదు కొలతలు కలవు: వ్యాసము, మందము, ఎత్తు, నడుమ రంధ్రము, బోల్టు వలయము. ఎత్తు అనగా హబ్బుపై కూర్చుండు ముఖము నుండి ఒరయు ముఖము వరకు గల దూరము. అది కొద్దిగా తేడాయైనను కాలిపరు నడుమ డిస్కు ఒక ప్రక్కకు జరిగి ఒక పాడు మాత్రమే అరుగును.

బోల్టు వలయమును కొలుచు పద్ధతి సులభము. నాలుగు రంధ్రములున్న డిస్కులో ఎదురెదురు రంధ్రముల నడుమల మధ్య దూరమే వలయ వ్యాసము. మన కార్లలో 100 మిల్లీమీటర్లు, 114.3 మిల్లీమీటర్లు తరచుగా కనబడు కొలతలు. ఐదు రంధ్రములున్నచో ఎదురెదురు రంధ్రములుండవు. అప్పుడు ప్రక్కప్రక్క రంధ్రముల నడుమల దూరమును కొలిచి 1.7తో హెచ్చింపవలెను. 67.2 వచ్చినచో వలయము 114.3 అన్నమాట. రంధ్రమును ఆకురాయితో సాగదీసి బిగించెదమని ఎవరైన చెప్పినచో ఒప్పుకొనరాదు.

డిస్కు అంచుపై ‘మిన్’ అను అక్షరములతో కనీస మందము ముద్రింపబడియుండును. దానికంటె పలుచనైన డిస్కు వేడికి వంగును, పగులును. నడుమ గాలి సందులు గల డిస్కులును, సందులు లేని గట్టి డిస్కులును కలవు. ఒకదానికి చేసిన కాలిపరు రెండవదానికి తగదు.

కాలిపరులో పిస్టను వ్యాసము, పాడు ఆకారము, బిగించు రంధ్రముల దూరము ముఖ్యములు. అవి సరిపోయినను కుడి ఎడమల భేదము మరువరాదు. గాలి తీయు నిపిలు అమర్చిన తరువాత కాలిపరు పైభాగమున ఉండవలెను. కుడిది ఎడమకు బిగించినచో నిపిలు క్రిందికి వచ్చును. గాలి పైననే చిక్కుకొనును. ఎన్ని పర్యాయములు పంపు చేసినను పెడలు స్పంజివలె మెత్తగానే ఉండును. కొనునప్పుడే రెంటిని ఎత్తిపట్టి చూచిన ఈ పొరపాటు జరుగదు.

గొట్టములు, మరలు

కొలతలలో అతి సూక్ష్మమైన మోసము ఇచట కలదు. జపాను, కొరియా మూలము గల కార్లలో గొట్టపు నట్టునకు సాధారణముగా 10 మిల్లీమీటర్ల వ్యాసము, ఒక మిల్లీమీటరు మర ఉండును. అమెరికా, ఇంగ్లండు పద్ధతి గల కొన్ని పాత బండ్లలో 8కి 3 వంతుల అంగుళము, అనగా 9.5 మిల్లీమీటర్ల వ్యాసము, అంగుళమునకు 24 మరలు. 24 మరలనగా ఒక్కొక్కటి 1.06 మిల్లీమీటరు. రెండు మరలు దాదాపు ఒకటిగనే ఉన్నందున చిన్న నట్టు పెద్ద రంధ్రములో తిరిగి కూర్చుండును, బిగిసినట్లును తోచును. కాని పట్టు స్వల్పము. గట్టిగా బ్రేకు త్రొక్కిననాడు ఊడివచ్చును. నట్టు చేతితో వేయునప్పుడు వదులుగా ఊగినచో అనుమానింపవలెను.

గొట్టపు కొనలును రెండు విధములు: అంచును రెండు మడతలుగా గరాటువలె విప్పినది, బుడగవలె ఉబ్బించినది. ఒకదాని తావున మరొకటి బిగించినచో ఆయిలు కారును.

ఎ.బి.ఎస్. గల బండ్లు

మన దేశమున 2019 ఏప్రిల్ నుండి తయారగు ప్రయాణికుల కార్లన్నింటికి, చక్రము బిగుసుకొని జారకుండ కాపాడు ఎ.బి.ఎస్. ఏర్పాటు తప్పనిసరి యైనది. ఇట్టి కారులో చక్రము వేగమును కొలుచు సెన్సారు, దానికి ఎదురుగా పండ్ల వలయమో, అయస్కాంతపు వలయమో ఉండును. అదే పేరుగల పాత కారునుండి తీసిన హబ్బుకు, డ్రమ్మునకు ఆ వలయము లేకపోవచ్చును. పండ్ల సంఖ్య వేరు కావచ్చును. మాస్టరు సిలిండరు కూడ వేరుగా ఉండవచ్చును. భాగము బిగిసినను ఎ.బి.ఎస్. పనిచేయదు. డ్యాషుబోర్డుపై హెచ్చరిక దీపము వెలిగినచో బల్బు తీయించుట పరిష్కారము కాదు.

బ్రేకు ఆయిలు

బండి ఆయిలు మూతపై వ్రాసియున్న రకమునే వాడవలెను. డాట్ 3, డాట్ 4 అను ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకొనును. క్రొత్త డాట్ 3 ఆయిలు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు, డాట్ 4 ఆయిలు 230 డిగ్రీల వరకు మరుగరాదని ప్రమాణము. తేమ పట్టిన పిమ్మట ఈ మట్టము 140, 155 డిగ్రీలకు దిగును. శ్రీశైలము, పాడేరు వంటి ఘాట్ రోడ్లలో దిగునప్పుడు బ్రేకులు మిక్కిలి కాగి పాత ఆయిలు మరిగినచో గొట్టములలో ఆవిరి చేరును. అప్పుడు పెడలు నేలకంటును గాని బండి ఆగదు. చాల దినములు మూత తీసి ఉంచిన డబ్బాలోని ఆయిలు వాడరాదు. సిలికోను జాతికి చెందిన డాట్ 5ను వీటితో కలుపరాదు.

ఇంజను ఆయిలు, పెట్రోలు, కిరోసిను బ్రేకు రబ్బరుకు శత్రువులు. కప్పులను పెట్రోలుతో కడుగు అలవాటు పెక్కు షెడ్లలో కలదు. రబ్బరు ఉబ్బి కొలది దినములలోనే బ్రేకు పట్టివేయును. వాటిని బ్రేకు ఆయిలుతోనే కడుగవలెను. పంచాయతీ ట్రాక్టరు విషయము వేరు. నేటి పెక్కు ట్రాక్టర్లలో బ్రేకు బిళ్లలు గేరు పెట్టె నూనెలోనే మునిగియుండును. వాటికి కారు లెక్క వర్తింపదు. ఆ కంపెనీ పుస్తకములో చెప్పిన నూనెయే వాడవలెను. ట్రాక్టరు రోడ్డెక్కునప్పుడు రెండు బ్రేకు పెడళ్లను కలుపు గొళ్లెము వేసియుండుట సభ్యులు గమనింపదగినది.

పాతవి కొనదగినవి, కొనరానివి

కొలత సరిపోయి, సంఖ్య కలిసినచో డ్రమ్ము, డిస్కు, కాలిపరు శరీరము, పెడలు అమరిక, వెనుక పళ్లెము పాతవి కొనవచ్చును. కాలిపరుకు క్రొత్త రబ్బరు కిట్టు తప్పక వేయవలెను.

పాడ్లు, షూ లైనింగులు, రబ్బరు హోసులు, కప్పులు, సీళ్లు, ఆయిలు ఎంత చౌకగా దొరకినను పాతవి కొనరాదు. లైనింగు ఒక్కసారి ఆయిలు పీల్చినచో ఎండబెట్టినను పట్టు తిరిగి రాదు. హోసు వెలుపల నిగనిగలాడుచున్నను లోపల ఉబ్బి మూసికొనిపోవచ్చును. ఇవి అన్నియు కలిపినను క్రొత్తవాటి వెల ఒక ఆసుపత్రి బిల్లుతో పోల్చదగినది కాదు. పాత లైనింగులలో రాతినార ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. డ్రమ్ము విప్పినప్పుడు గాలి పంపుతోగాని నోటితోగాని ఊదక, తడిబట్టతో తుడువవలెను.

సామాను ఎచటినుండి వచ్చినది?

విజయవాడ, హైదరాబాదు ఆటోనగర్‌లలోను, చెన్నై పుదుపేటలోను మంచి సామాను, నమ్మదగిన వర్తకులు కలరు. అయినను ప్రతి భాగమునకు ఒక చరిత్ర ఉండును. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను ఎన్నో వాహనములు వరదనీట మునిగినవి. మునిగిన బండి బ్రేకు సిలిండర్లలో నీరు, బురద చేరి లోపల తుప్పు పట్టును. వెలుపల రంగు వేసిన తెలియదు. సందులలో ఎండిన ఒండ్రుమట్టి కనబడినచో కొనరాదు.

భాగము ఏ బండినుండి తీసినదో అడిగి, బిల్లులో వ్రాయింపవలెను. బిల్లు ఇయ్యని చోట కొన్న సామాను దొంగ బండిది కావచ్చును; దొంగసొత్తు కొనుటయు నేరమే. పాత బండ్లను విధి ప్రకారము విప్పు కేంద్రముల రిజిస్ట్రేషనునకు కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. అట్టి కేంద్రము నుండి వచ్చిన భాగమునకు చరిత్ర తెలియుట సులభము.

బిగించిన తరువాత పరీక్ష

బిల్లు చెల్లించుటకు ముందు సభ్యులొకరు దగ్గరనుండి ఈ పరీక్షలు చేయింపవలెను. ఇంజను ఆపియుండగా పెడలును నాలుగైదు పర్యాయములు త్రొక్కి, ఒక నిమిషము అదిమి పట్టవలెను. మెల్లగా క్రిందికి దిగినచో ఎచటనో కారుచున్నది. కాలు తీయకుండగనే ఇంజను నడిపినప్పుడు పెడలు కొంచెము దిగి ఆగినచో బూస్టరు పనిచేయుచున్నట్లు. తరువాత ప్రతి నట్టు వద్ద తెల్లకాగితము అద్ది తడి ఉన్నదేమో చూడవలెను.

పిమ్మట జనము లేని సమమైన రోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగమున ఆపి చూడవలెను. బండి ప్రక్కకు లాగరాదు. కొంతదూరము నడిపి దిగి, చక్రముల దగ్గర చేయి ఉంచి, తాకకుండగనే వేడి చూడవలెను. ఒకే ఇరుసు రెండు ప్రక్కల వేడి సమానముగా ఉండవలెను. ఒక చక్రము మాత్రమే కాగినచో ఆ బ్రేకు విడుచుట లేదు. వాలుపై హ్యాండు బ్రేకును వేరుగా పరీక్షింపవలెను. క్రొత్త పాడ్లు పట్టు సాధించుటకు కొన్ని దినములు పట్టును. అంతవరకు బరువు, వేగము తగ్గింపవలెను.

తీర్మానములో వ్రాయవలసినవి

‘బండి మరమ్మతుకు సామాను కొనుటకు అనుమతి’ అని ఒక్క పంక్తిలో తీర్మానము వ్రాయుట చాలదు. బండి ఛాసిస్ సంఖ్య, భాగము పేరు, డీలరు చెప్పిన భాగము సంఖ్య, ముఖ్యమైన కొలత, పాతదా క్రొత్తదా అనునది వ్రాయవలెను. ‘సరిపడనిచో ఇన్ని దినములలో వాపసు తీసికొనబడును’ అను షరతును బిల్లుపై దుకాణదారుచే వ్రాయింపవలెను. విప్పిన పాత భాగమును పరీక్ష ముగియువరకు పంచాయతీ కార్యాలయములో ఉంచవలెను. బిగించిన మెకానిక్కు పేరు, తేదీ, పరీక్ష చూచిన సభ్యుని సంతకము రిజిస్టరులో ఉండవలెను. ఈ పద్ధతి పెట్టినచో మెకానిక్కు కూడ కొలిచియే తెచ్చును.

పొదుపు పంచాయతీకి భూషణమే. గ్రామస్థుల పన్ను సొమ్ములో ప్రతి రూపాయికి లెక్క చెప్పవలసినవారము మనము. అందుచేతనే పాత సామాను కొనరాదని మేము చెప్పుట లేదు. కొలువకుండ కొనరాదని మాత్రమే చెప్పుచున్నాము. అర్ధరాత్రి పురుటినొప్పులతో ఉన్న ఆడపడుచును మీ గ్రామపు బండిలో ఎక్కించి పంపునప్పుడు, ఆ బ్రేకుల కొలతలు మన రిజిస్టరులో ఉన్నవను ధైర్యము మీకు ఉండవలెను. రాబోవు సమావేశమున మీ గ్రామములో ఎన్ని బండ్లు పిల్లలను, రోగులను మోయుచున్నవో జాబితా వ్రాసి, వాటి బ్రేకులు ఎప్పుడు ఎవరు చూచిరో అడుగుటతో ఈ పని ఆరంభింపుడు.